సగం విరిచిన మంజూ

బ్లాక్‌టౌన్‌లో ట్రైన్ ఎక్కితే ఎదురు సీట్లో ఒక జపాన్ పెద్దావిడ కూర్చుని ఉంది. మా అమ్మాయితో మాట కలిపి, సంచిలోంచి కాగితంలో చుట్టిన తెల్లటి మిఠాయి తీసి ఇచ్చింది. దాని పేరు మంజూ అట. వేడినీటి బుగ్గలున్న తమ ఊళ్లో తమ్ముడి కొట్లో చేస్తారని, నిన్ననే అక్కణ్ణుంచి తెచ్చానని చెప్పింది.

పిల్ల నోట్లో పెట్టుకోబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాను. "ఆగవే, ఇందులో ఏం కలిపారో ఏమో!" అంటూ ఫోన్ తీసి, కాగితం మీది అక్షరాలకు కెమెరా పెట్టాను.

"అమ్మా, షీ కెన్ సీ యూ," అంది పిల్ల మెల్లగా.

పెద్దావిడ పిల్ల చేతిలోంచి మిఠాయి తీసుకుని రెండుగా విరిచి, లోపలి ఎర్రటి పప్పు ముద్ద చూపించింది. "ఓన్లీ బీన్స్, షుగర్," అని ఒక సగం తను తినేసి, రెండో సగం రెండు చేతులతో నాకు అందించింది.

తిన్నాను. అచ్చం మన బూరెలో పూర్ణమే. బాగుందని చెప్పడానికి కూడా మొహం చెల్లలేదు. ఇంటికొచ్చిన వాళ్లు తిన్నాక గానీ ఎవరూ కంచం ముందు కూర్చోని ఇంట్లో పెరిగాను నేను. అలాంటి నా కోసం, పెట్టే మనిషే ముందు తిని చూపించాల్సి వచ్చింది.