ఓనరమ్మ గిన్నె

హోటల్ మేనేజ్‌మెంట్ చదివి, పెద్ద హోటళ్లలో ఇరవై ఏళ్లపాటు పరాయివాళ్ల పెళ్లి విందులు నడిపాక, దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్ల సందులో ఒక షట్టర్ అద్దెకు తీసుకుని కర్రీ పాయింట్ పెట్టాను. మా మరిది ఊరుకుంటాడా?

"అంత చదువు చదివి కూరల పొట్లాలు కట్టడమేంటి వదినా?"

"నువ్వు సివిల్ ఇంజనీరింగ్ చదివి ఏ వంతెన కట్టావో చెప్పు, ఇప్పుడే మూసేస్తాను."

మళ్లీ ఆ మాట ఎత్తలేదు. పొట్లాలు మాత్రం పట్టుకెళ్లేవాడు.

కొట్టు పైనే ఇంటి ఓనరమ్మ కాపురం. మొదటిరోజు మర్యాదకని గిన్నెడు పప్పుచారు పైకి పంపాను. మన ఇళ్లల్లో ఎవరూ గిన్నె ఖాళీగా తిరిగివ్వరు, చిటికెడు చక్కెరైనా వేసిస్తారు. ఆమె మర్నాడు ఖాళీ గిన్నె తెచ్చి నా ముందు చాపింది.

"మస్తుంది మేడం. రోజు గిట్లనే పంపు."

రోజూ పంపాను. కొన్నాళ్లకు గిన్నెతోపాటు ప్రశ్నలూ దిగడం మొదలైంది. చింతపండు ఎప్పుడు పొయ్యాలె, ఇంగువ ముందేస్తవా, ఎనకేస్తవా? పొయ్యి పక్కన నిలబెట్టి మరీ చూపించాను. అడిగితే చాలు పాఠం చెప్పే జబ్బు నాది. అది కాలేజీలో మా లెక్చరర్ల నుంచి అంటుకున్నదే.

అగ్రిమెంటు గడువు అయిపోగానే మెట్ల మీద నిలబడే చెప్పింది.

"మా అల్లుడు ఖాళీగ ఉన్నడు మేడం. కొట్టు ఆయనకిస్తున్నం. ఏమనుకోకు."

"అనుకోక ఏం చేస్తానమ్మా? ఇంతకీ ఏం అమ్ముతాడట?"

"గవే కూరలు."

చాలాసేపు వాదించాను. వాదనలో గెలిచింది నేనే, తాళం చెవి మాత్రం ఆమె చేతిలోకి పోయింది. బోర్డు విప్పబోతే, "గోడ ఖరాబైతది, ఉండనీ, మేమే తీస్తం" అంది. అలసిపోయి ఉన్నాను. వదిలేశాను.

కొన్ని వారాల తర్వాత ఎల్బీనగర్ మెట్రో దగ్గర ఒక హాస్టల్ అమ్మాయి ఆపింది. రోజూ నా దగ్గర కొనే పిల్లే.

"ఏంది ఆంటీ, కౌంటర్ల కనిపిస్తలేరు? పప్పుచారు నీళ్ల లెక్క అయింది. వంట మీద మనసు పెడ్తలేరా?"

"ఇప్పుడా కొట్టు నాది కాదమ్మా."

"బోర్డు మీద మీ పేరే ఉంది కదా!"

కొట్టు పోయినప్పుడు ఏడవలేదు. ఆ నీళ్లచారు నా పేరు మీద తింటున్నారనేసరికి కడుపు మండిపోయింది. మర్నాడే నిచ్చెన, స్పానరు పట్టుకుని వెళ్లాను. ఓనరమ్మ బాల్కనీలోంచి ఒకటే అరుపు.

"గోడకు బొక్కలు పడ్డయ్! ఎవరు పూడుస్తరు?"

"మీ అల్లుడు ఖాళీగా ఉన్నాడుగా!"

ఆ బోర్డు ఇప్పుడు వనస్థలిపురంలో మా ఫ్రిజ్ వెనక ఉంది. వారం తిరక్కుండా అల్లుడు కొత్త బోర్డు పెట్టాడు. కొనేవాళ్లు కొంటూనే ఉన్నారు. ఈ సంగతి చెప్పింది మా మరిదే. చేతిలో పొట్లం ఉంది.

"చారు పల్చగానే ఉంది వదినా," అన్నాడు, "కానీ నాకు దారిలో పడుతుంది."