జైతున్‌బీ కడుపుమంట

ప్రత్తిపాడులో జాకెట్లు కుట్టే జైతున్‌బీకి ఒకటే జబ్బు: ఎదుటివాళ్ళు బాగుపడితే ఓర్చుకోలేదు. పోనీ దాచుకునే రకమా అంటే, అదీ కాదు. పక్కింట్లో పులుసు వాసన వస్తే గోడ మీదుగా తొంగిచూసి, "నీ చేతికి ఈ రుచి ఎట్టొచ్చిందే? నాకు కడుపు మండిపోతంది!" అని ముఖం మీదే ఏడ్చి వచ్చేది.

యాభై ఎనిమిదేళ్ళ ఈ మనిషి, నడుం నొప్పి పోతుందని ఎవరో చెబితే, పురుగుమందుల కొట్టు వెనక రేకుల షెడ్డులో ఉన్న జిమ్‌కు వెళ్ళి ఆడవాళ్ళ బ్యాచిలో చేరింది. తను పాతిక కిలోలకే మూలిగేది. మిగతావాళ్ళు ఎవరెంత లేపారో మాత్రం ఆమెకు నోటికొచ్చు. దిష్టి తగులుతుందని బ్యాచిలోని శివపార్వతి తన రాడ్డుకు తగిలించిన బరువు ప్లేట్ల మీద తువ్వాలు కప్పేది. జైతున్‌బీ ఆ తువ్వాలు ఎత్తి చూసి మరీ ఏడ్చేది.

రెబ్కా టీచరు చేరింది మోకాళ్ళ కోసం. బడిలో ఆమె తరగతి మేడ మీద. "ఒళ్ళూ తగ్గాలి, కాళ్ళకు బలమూ రావాలి. ఏ ఒక్కటి కాకపోయినా ఇక ఆ మెట్లు ఎక్కలేరు" అన్నాడు డాక్టరు. పదిహేనేళ్ళుగా తనదైన ఆ తరగతిని ఇంకొకరికి అప్పగించడమంటే రెబ్కాకు ప్రాణం పోయినట్టే.

మొదటి రోజు ఆమె ప్లేట్లేవీ లేని ఉత్త రాడ్డు లేపేసరికి జైతున్‌బీ గుండె మీద చెయ్యేసుకుంది.

"అమ్మో! వచ్చిన రోజే ఇరవై కిలోలా టీచరమ్మా! ఇంక రాత్రికి నాకు అన్నం దిగినట్టే!"

రెబ్కా చర్చికి పోయే మనిషి, దిష్టిని నమ్మదు. అయినా ఆ ఏడుపు ఎంత బాగుందంటే, అది వినడానికే మర్నాడు అరగంట ముందు వెళ్ళింది. నెలన్నరకు నలభై లేపింది. జైతున్‌బీ గోడకు చేరగిలబడిపోయింది.

బరువు తూచే మిషను ముల్లు మాత్రం డెబ్బై ఎనిమిది దగ్గరే భీష్మించుకుని కూర్చుంది. రెబ్కాకు తిక్క రేగింది. కంచం పక్కన పెట్టి పూటకో గ్లాసు మజ్జిగతో సరిపెట్టుకుంది. మూడు వారాల్లో నాలుగు కిలోలు పోయాయి. 

"పిన్నీ, డెబ్బై నాలుగు!"

జైతున్‌బీ తలైనా ఎత్తలేదు. "మంచిదమ్మా."

"అంతేనా? కడుపు మండట్లా?"

"ఏందోనమ్మా, చల్లగా ఉంది."

రెబ్కాకు తల కొట్టేసినట్టయింది. రోషంగా వెళ్ళి నలభై పట్టుకుంది. లేవలేదు. ముప్పై ఐదూ లేవలేదు. ముప్పై లేచింది గానీ మోకాళ్ళు వణికాయి.

జైతున్‌బీ మెళ్ళోంచి టేపు తీసి ఆమె నడుమూ తొడా కొలిచింది.

"పోయిన నెల ముల్లు కదల్లేదని ముఖం మాడ్చుకున్నావే, అప్పుడు నీ నడుం రెండంగుళాలు తగ్గింది. జాకెట్టు బిగించింది నేనే గదా! పత్తి మిల్లులో చూళ్ళా? దూది పోవాల, గింజ మిగలాల. ఇప్పుడు తొడల్లో కండా పోయింది. దూదితో పాటు గింజలూ పారబోస్తన్నావు. ఇట్టాంటిదాన్ని చూసి ఏమని ఏడ్చేది?"

"మరేం చెయ్యను?"

"గుడ్లు తిను, పప్పు తిను. అన్నం తగ్గించు, మానెయ్యమాక. వారానికి అరకిలో పోయినా చాలు. రాడ్డు మీది బరువు మాత్రం తగ్గనీమాక."

నెల తిరిగేసరికి నడుం మరో అంగుళం తగ్గింది, నలభై ఐదు లేచింది. "చచ్చాను దేవుడో!" అని జైతున్‌బీ పెట్టిన కేకకు పురుగుమందుల కొట్టాయన ఎవరో డబ్బా తాగారనుకుని పరిగెత్తుకొచ్చాడు.

ఒక ఆదివారం చర్చిలో ఆరాధన ముందుగా ముగియడంతో రెబ్కా గంట ముందే జిమ్‌కు వెళ్ళింది. లోపల జైతున్‌బీ ఒక్కతే ఉంది. కొంగు దోపుకుని రాడ్డును నడుం దాకా లేపి, చప్పుడు కాకుండా దించింది. రెబ్కా ప్లేట్లు లెక్కపెట్టింది. ఎనభై!

"పిన్నీ! మా ముందు పాతికకే మూలుగుతావే!"

జైతున్‌బీ దొంగలా అటూ ఇటూ చూసింది.

"అరవమాక తల్లీ! ఎనభై లేపే మనిషి ఉత్త రాడ్డును చూసి కుళ్ళుకుంటందంటే ఎవరన్నా నమ్ముతారా? నేను కుళ్ళుకోకపోతే కొత్తగా వచ్చినోళ్ళు రెండో రోజు వస్తారా?"

రెబ్కా మళ్ళీ ఆ ప్లేట్ల వంక చూసింది. కడుపులో ఏదో చురుక్కుమంది. 

"ఈ వయసులో ఎనభయ్యా! నాకు కడుపు మండిపోతంది పిన్నీ!"

జైతున్‌బీ ముఖం విప్పారింది. రాడ్డు వదిలేసి బల్ల మీద తీరిగ్గా కూర్చుంది.

"యాభై ఎనిమిదేళ్ళొచ్చినయ్యి. నన్ను చూసి ఏడ్చినోళ్ళు ఒక్కరు లేరు. ఏదీ, ఇంకోసారి అనమ్మా!"