బోర్డు భాగాలు పంచుకున్న రోజు

ఆ రోజుల్లో మా పల్నాటి ఊళ్లలో పిల్లనిచ్చేవాళ్లు ముందు నీళ్ల సంగతి అడిగేవాళ్లు, ఆ తరువాతే పొలం సంగతి. అందులో తప్పు ఉందని ఇప్పటికీ అనను. గురజాలకు దగ్గర్లోని మా ఊరికి రెండు బజార్లు. పైబజారులో ఎవరి దొడ్లో వాళ్లకు బావులుండేవి. కిందబజారులో మాకు వాగే దిక్కు. మా ఆడవాళ్లు ఇసకలో చెలమలు తీసి, ఊరిన నీళ్లు గిన్నెతో ముంచి బిందెలు నింపుకొచ్చేవాళ్లు. నాకు సత్తెనపల్లి వైపు ఒక సంబంధం కుదరబోయింది. పిల్లను ఒక్కసారే చూశాను. ఆ ఒక్కసారీ చాలింది. వాళ్ల నాన్న మా ఇంటికొచ్చి, మంచినీళ్లు తాగి, అవి ఎక్కడివని అడిగి, చెంబు కింద పెట్టి, "మీ బజార్లో బావి పడ్డాక కబురు చేయండి" అని లేచాడు. అప్పటిదాకా పిల్లని ఆపుతానని మాత్రం అనలేదు.

నేను అప్పుడు పంచాయతీ బోర్డులో గుమాస్తాను. స్వాతంత్ర్యం వచ్చిన కొత్త. బోర్డులో సగం మంది పైబజారు, సగం మంది కిందబజారు. చీట్లు వేస్తే ప్రెసిడెంటు పదవి పైబజారుకి వెళ్లింది, వైస్ ప్రెసిడెంటు మాకు మిగిలింది. ప్రెసిడెంటు నాకు వరసకి పెదనాన్న, వైస్ ప్రెసిడెంటు బాబాయి. (ఊళ్లో ఏ ఇద్దరు తిట్టుకున్నా నాకు వరసైన వాళ్లే.) ఆ ఏడు గుంటూరు నుంచి ఊరి పనులకని గ్రాంటు వచ్చింది. పెదనాన్న తన బజారు పొడుగునా వీధిదీపాలు కావాలన్నాడు. బాబాయి మా బజారుకి బావి కావాలన్నాడు. జాగ్రత్తగా వాడితే చిన్న బావీ, కొన్ని దీపాలూ రెండూ అయ్యేవే. కానీ చిన్నవి ఎవరికీ వద్దు.

"దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది. ఇంకా చీకట్లో తడుముకుంటామా?" అనేవాడు పెదనాన్న.

"దాహమేస్తే దీపం తాగుతావా అన్నా?" అనేవాడు బాబాయి.

"మీ తాతల కాడ్నించీ వాగు నీళ్లే తాగారు. ఒక్కడన్నా చచ్చాడా?"

"తాతలందరూ చచ్చారుగా. ఒక్కణ్ణి చూపించు, ఉన్నవాణ్ణి."

ఏ లెక్క పెట్టినా సగం చేతులు లేచేవి, సగం చేతులు తొడల మీదే ఉండేవి. బడ్జెట్టు పాసు కాక బజార్లు ఊడ్చే మనిషి రావడం మానేశాడు, నా జీతం ఆగింది, ఆఫీసు తలుపుకి కొత్త గడియ కూడా వేయించలేకపోయాం. ఏడాది తిరిగే లోపల తేల్చకపోతే గ్రాంటు వెనక్కి పోతుందని పైనుంచి తాఖీదు వచ్చింది. అది పెద్దగా చదివి వినిపించింది నేనే. ఎవరూ అడక్కుండానే రెండోసారి కూడా చదవడం చూసి బోర్డు మీద నాకెంత భక్తో అనుకున్నారు అందరూ.

అప్పట్లో నేను గుంటూరు లైబ్రరీ నుంచి పార్లమెంటుల మీద పుస్తకాలు తెచ్చుకుని చదివేవాణ్ణి. రాజీ అంటే ఏమిటో నాకు బాగా తెలుసనుకునేవాణ్ణి. ఆ ధైర్యంతోనే లేచి నిలబడి, అన్నదమ్ములు ఆస్తి పంచుకున్నట్టు గ్రాంటుని రెండు భాగాలు చేద్దామన్నాను. మా వైపు పద్ధతి అందరికీ తెలిసిందే. అన్న భాగాలు పెడతాడు, తమ్ముడు ముందు వేలు పెట్టి కోరుకుంటాడు, మిగిలింది అన్నది. వేలు పెట్టాక మార్చడం లేదు. ఎవరి భాగం వాళ్ల బజార్లోనే ఖర్చు పెట్టాలి. పెదనాన్న బావిని ఒక భాగంగా, దీపాలని ఒక భాగంగా పెడతాడు. బాబాయి బావి కోరుకుంటాడు. నాకు పెళ్లవుతుంది. (ఈ చివరి మాట బోర్డుకి చెప్పలేదు.) రెండు పక్షాలూ ఒప్పుకున్నాయి. మొదటిసారి చేతులన్నీ ఒకేసారి లేచాయి.

పెదనాన్న బల్ల మీద బావికి గుర్తుగా చెంబు పెట్టాడు, దీపాలకి గుర్తుగా లాంతరు పెట్టాడు. పెట్టినవాడు ఊరుకోకుండా కండువా కొసతో లాంతరు చిమ్నీ తుడవడం మొదలుపెట్టాడు.

"ఏందిరా ఆలస్యం, ఏలు పెట్టు" అన్నాడు.

నేను ఒక్క సంగతి మరిచిపోయాను. మా వైపు భాగాల్లో తమ్ముడనేవాడు భాగాలకేసి చూడడు, అన్న కళ్లకేసి చూస్తాడు. అన్న చూపు ఎటు పోతే అటే మంచి భాగం ఉన్నట్టు. బాబాయి చెంబుని చూడనే లేదు. పెదనాన్న ముఖాన్నే చానాసేపు చూసి, "లాంతరు నాది" అని వేలు పెట్టేశాడు.

"బాబాయ్, మనకి కావాల్సింది నీళ్లు కదా" అన్నాను.

"నువ్వూరుకోరా. ఆయన దాన్ని ఎంత మురిపెంగా తుడుస్తన్నాడో చూశావా? అందులో ఏందో ఉంది."

"ఒరేయ్, నాకు బావెందుకురా? మా దొడ్లో ఉందిగా" అన్నాడు పెదనాన్న, నిజంగానే దిగులుగా.

"ఏలు పెట్టినాక మాటల్లేవన్నా."

ఆ దిగులు చూసి బాబాయి గెలిచానని మరింత గట్టిగా నమ్మాడు. మార్చుకుందామని మా వాళ్లు ఎందరు చెప్పినా, అన్నే మార్చుకోమన్నాడంటే అందులో ఇంకేదో ఉందన్నాడు.

అలా బావులున్న బజార్లో బోర్డు బావి పడింది, నీళ్లు లేని బజార్లో దీపాలు వెలిగాయి. బోర్డు బావి కాబట్టి తోడుకోవద్దనడానికి ఎవరికీ వీల్లేదు. మా ఆడవాళ్లు బిందెలతో పైకి ఎక్కేవాళ్లు. సాయంత్రమైతే పెదనాన్న పేపరు చంకన పెట్టుకుని, మా దీపం కింద చదువుకోవడానికి దిగి వచ్చేవాడు. దారిలో ఎదురుపడితే రెండు పక్షాలూ గెలిచినవాళ్ల లాగే నవ్వుకునేవి.

నేను మాత్రం కబురు చేయడానికి ముఖం చెల్లక ఊరుకున్నాను. ఎవరు చెప్పారో, పిల్ల తండ్రి తనే వచ్చాడు. మా అమ్మ దీపాలు చూపించబోతే, "దీపాలు సరే అక్కయ్యా, బావి ఎంత దూరం?" అని అడిగాడు. చెబితే నమ్మలేదు. మా కావిడి భుజాన వేసుకుని, పై పంచె నడుముకి బిగించి, బోర్డు బావికి వెళ్లి రెండు బిందెల నీళ్లు తెచ్చాడు. సంబంధం మాట్లాడటానికొచ్చిన పెద్దమనిషి నీళ్లు మోస్తుంటే రెండు బజార్లూ అరుగుల మీదకొచ్చి చూశాయి. దించి, ఆయాసం తీర్చుకుని, నాకేసి చూశాడు.

"మా పిల్ల మొయ్యలేదు. నువ్వు మోస్తావా?"

"మోస్తానండీ."

"రోజూ రెండు కావిళ్లు."

"అట్టాగేనండీ."

మోశాను. తెల్లవారగానే రెండు కావిళ్లు మోసి, చొక్కా మార్చుకుని ఆఫీసుకి వెళ్లేవాణ్ణి. పైబజారు వాళ్లు నన్ను 'రెండు కావిళ్ల గుమాస్తా' అనేవాళ్లు. ఇంటికి కుళాయి వచ్చేదాకా ఆ పేరు పోలేదు.

నా భార్య పోయే ముందు ఏడాది, ఒక మధ్యాహ్నం ఊరికే కూర్చుని ఉండగా చెప్పింది. వాళ్ల నాన్న ఒక్క కావిడే అడుగుదామనుకున్నాడట. ఆయన బయల్దేరేటప్పుడు రెండు అడగమన్నది తనట.

"ఎందుకు? ఒక్కటే చాలేదిగా మనకి" అన్నాను.

"మీరు ఎలాగూ తగ్గించమంటారు, ఒకటన్నా మిగులుతుందని. మీరు అసలు బేరమే ఆడలేదు" అంది.

ఇప్పుడు ఇంట్లో ఒక్కణ్ణే. ఆ మాట గుర్తొస్తే నవ్వొస్తుంది. అక్కర్లేని ఆ రెండో కావిడి అన్నేళ్లు మోసిన కుర్రవాడి మీద జాలి పడదామని చూస్తాను, కుదరదు. ఆ రోజే మళ్లీ వచ్చి, ఈసారి ఆమే ఎదురుగా నిలబడి ఇంకో మూడు అడిగినా వాడు సరేననేవాడే.