నమ్మినవాణ్ణి ఎవరూ తిట్టలేదు

మీ చెవిలో చాడీ చెప్పినవాణ్ణి మీరు తిట్టే ఉంటారు. దాన్ని నమ్మిన మిమ్మల్ని మీరు ఎప్పుడైనా తిట్టుకున్నారా?

నా చిన్నప్పుడు మా ఊరు పాకాలలో మా తాతయ్య ఒక విషాద నాటకంలో మంత్రి వేషం వేసేవాడు. ఆ మంత్రి మాటలు విని రాజు ఏ పాపమూ ఎరగని రాణిని చంపేస్తాడు. నాటకం ఆడిన మర్నాడు సంతలో ఆడవాళ్ళు తాతయ్యకు వంకాయలు కూడా అమ్మేవారు కాదు. "పో సామీ, ఆ యమ్మ ఉసురు నీకు తగల్తాది" అనేవారు. రాజు వేషగాడికి మాత్రం కొసరు వేసి మరీ ఇచ్చేవారు.

"సూడు పాపా, చెప్పినోడికి శాపం, చంపినోడికి కొసరు" అని తాతయ్య నవ్వేవాడు.

ఆ రాజు ఒట్టి మొద్దు, నేనైతే నమ్మేదాన్ని కాదు అన్నాను.

వారం తిరక్కముందే నా కొత్త కాంపాసు పెట్టె కనబడకుండా పోయింది. ఇల్లంతా వెతుకుతుంటే, తాతయ్య అంగీకి గుండీ కుట్టుకుంటూ, "మొన్న నీ జతగత్తె మనింటికి వచ్చినట్టుండాదే" అన్నాడు. అవునన్నాను. "ఏం లేదులే. మంచి బిడ్డే. నాకెందుకు" అని మళ్ళీ సూది అందుకున్నాడు.

నా స్నేహితురాలి తల్లి కూలికి పోయేది. మర్నాడు బడిలో అందరి ముందూ ఆ పిల్ల సంచి లాక్కుని బోర్లించాను. రెండు నోటు పుస్తకాలు, ఆకులో చుట్టిన సంగటి ముద్ద. ముద్ద దొర్లి మట్టిలో పడింది. ఆ పిల్ల ఏడవలేదు. మట్టి అంటినంత మేర గిల్లి పారేసి, మిగిలింది ఆకులో చుట్టుకుంది.

ఇంటికొచ్చేసరికి పెట్టె తాతయ్య చేతిలో ఉంది. వేషాల ట్రంకులో నేనే మరిచిపోయానట. ఆయనకు ముందురోజే, నేను వెతకడం మొదలుపెట్టక ముందే దొరికిందట. బడిలో నేను చేసింది చెప్పగానే ఆయన పెట్టె కింద పెట్టేశాడు.

"రాజును మొద్దంటివే, నువ్వూ రవ్వంత అనుమానపడితే, ఈ సాయంత్రం పెట్టె చూపించి నవ్వుదామనుకుంటినే. ఇంత పని చేస్తావనుకోలేదు పాపా."

నువ్వే అబద్ధం చెప్పావని అరిచాను. అరుస్తూనే ఆయన మాటలన్నీ ఒక్కొక్కటిగా వెతికాను. ఒక్క అబద్ధమూ దొరకలేదు. దొంగ అన్న మాట ఆయన నోట రానేలేదు. అది నాది. కూలివాళ్ళ పిల్ల కాబట్టి తీసే ఉంటుందని ఎవరూ నాకు చెప్పనక్కర్లేకపోయింది.

ఇద్దరం వాళ్ళింటికి పోయాం. తప్పు తనదేనని తాతయ్య చేతులు జోడించాడు. "పోనీలే సామీ, బిడ్డలు" అంది వాళ్ళమ్మ. ఆ పిల్ల మాత్రం నన్ను ఒకటే అడిగింది: "నన్ను అడిగుంటే చెప్పేదాన్ని కదా?" ఆ తర్వాత ఎన్నడూ నా పక్కన కూర్చోలేదు.

ముసలిదాన్నయ్యాను. ఆ ప్రశ్న మాత్రం ఇంకా మరవలేదు. ఈ రోజుల్లో మంత్రి మీ ఫోనులోనే ఉన్నాడు. "నాకెందుకులే, మీరే చూసుకోండి" అని రోజూ ఎవరో ఒకరి మీద ఏదో ఒకటి పంపుతూనే ఉన్నాడు. వాణ్ణి తిట్టి చేతులు దులుపుకోకండి. ఎవరి మీద మాట వచ్చిందో ఆ మనిషి దగ్గరికి వెళ్ళండి. సంచి బోర్లించక ముందే అడగండి.