చనిపోయిన సీను తర్వాతి నవ్వు

మా తమ్ముడు తాండూరులో బండల పాలిషింగ్ యూనిట్‌లో పనిచేసేవాడు. ఆదివారాలు నటించేవాడు. సినిమాల్లో కాదు, ఒక చానల్‌లో వచ్చే, ఫోన్‌లో చూసే పల్లెటూరి కథల్లో. ఆ చానల్ నడిపే అతనిది కొడంగల్ వైపు. ఒకప్పుడు పెళ్ళిళ్ళకు వీడియోలు తీసేవాడు. కథ రాసేదీ, కెమెరా పట్టేదీ, మధ్యాహ్నం అందరికీ బగారా అన్నం తెప్పించేదీ అతనే. కరణ్‌కోట పోయే దారిలో ఒక రేకుల ఇంట్లో షూటింగ్ జరిగేది. నటించినవాళ్ళకు రోజుకింత అని ఇచ్చేవాడు. వాళ్ళు దాన్ని కూలి అనే అనేవాళ్ళు. మొదట్లో ఆ కూలి మీద ఎవరికీ పేచీ లేదు.

పేచీ ముక్కలతో వచ్చింది. అరగంట కథను అతను చిన్న చిన్న ముక్కలుగా కోసి మళ్ళీ విడిగా పెట్టడం మొదలుపెట్టాడు. జనం కథ కన్నా ముక్కలే ఎక్కువ చూశారు. వాటికి చానల్‌కు విడిగా డబ్బు వచ్చేది. నటించినవాళ్ళకు ఏమీ వచ్చేది కాదు. ఒకసారి మా తమ్ముడు వికారాబాద్‌లో మా ఇంటికి వచ్చి, చెప్పులు విడుస్తూనే చెప్పాడు.

"అక్కా, బస్సుల పక్కోడు ఫోన్ల నా మొఖమే చూసుకుంట నవ్వుతున్నడు. నన్నేమో జర జరుగుమంటున్నడు."

ముక్కలో ఎవరి మొహం ఉంటే వాళ్ళకు వాటా ఇవ్వాలని అందరి తరఫునా అడిగింది వాడే. రోజు పైసలు ఇచ్చాక ఇంకేం వాటా అని చానల్ అతను అన్నాడు. ఆ సంగతి తేలకముందే మా తమ్ముడు చనిపోయాడు. పనిలో ఉండగా గుండె ఆగింది. పెళ్ళి చేసుకోలేదు. నావాళ్ళని చెప్పుకోవడానికి వాడికి నేనొక్కదాన్నే.

దినాలు అయిపోయిన కొద్ది రోజులకు చానల్‌లో ఒక ముక్క వచ్చింది. అది ఎక్కడిదో చెప్పాలి. అంతకుముందు ఒక కథలో మా తమ్ముడు చనిపోయిన మనిషిగా పడుకున్నాడు. ఇలాంటి సీను అయిపోగానే ఆ వేషం వేసిన మనిషిని లేపి, కెమెరా వైపు చూసి నవ్వమంటారు. ఆ నవ్వును కూడా తీస్తారు. తీయకపోతే కీడు అని నమ్మకం. సినిమావాళ్ళ దగ్గర నుంచి వచ్చిన అలవాటు. ఆ నవ్వు కథలో ఉండదు, ఎవరికీ చూపించరు. చానల్ అతను దాన్ని బయటికి తీశాడు. వేగం తగ్గించాడు, వెనక వయొలిన్ పెట్టాడు, "నవ్వుతూనే వెళ్ళిపోయావా అన్నా" అని అక్షరాలు వేశాడు. వాడు నటించిన కథలన్నిటి కన్నా దాన్నే ఎక్కువమంది చూశారు.

నాకు ఆ వయొలిన్ నచ్చలేదు, ఆ అక్షరాలు నచ్చలేదు. కానీ రోజూ చూసేదాన్ని. టీ పొయ్యి మీద పెట్టి, శబ్దం తీసేసి చూసేదాన్ని. ఫోటోల్లో వాడు ఎప్పుడూ బిగుసుకుని నిలబడతాడు. ఇందులో మాత్రం మా వంటింట్లో నవ్వినట్టే నవ్వాడు. నవ్వేముందు పెదాలు కదులుతాయి. శబ్దం పెట్టినా వయొలిన్ తప్ప వినపడదు, ఏమన్నాడో తెలిసేది కాదు.

ఆ కథల్లో అత్త వేషం వేసే ఆమె ఒకరోజు మా ఇంటికి వచ్చింది. ఆమెది పూడూరు వైపు ఊరు. ఇంటి దగ్గర మేకలున్నాయి. తెర మీద కోడళ్ళను అల్లాడించే మనిషి, మా ఇంట్లో కుర్చీ అంచున కూర్చుంది.

"మేమందరం షూటింగ్ బంద్ పెట్టినం అక్కా. ముక్కలకు వాటా ఇస్తెనే వస్తమన్నం. నీ తమ్ముని ముక్క గురించి గూడ అడిగినం. గా నవ్వు యాక్టింగే గాదంట. దిష్టికి తీసినదంట. దానికి పైసలేందంటున్నడు."

"నువ్వేమన్నావు?"

"యాక్టింగ్ గాకపోతె నీ చానల్‌ల ఎందుకు పెట్టినవ్ వయ్యా అన్న. నాకు అత్త నోరు నిజంగనే వచ్చిందన్నడు." కొంచెం నవ్వింది. "నువ్వు రావాలె అక్కా. తోడబుట్టినదానివి. నువ్వడిగితె తీరు వేరే ఉంటది."

ఆదివారం ఇద్దరం రైల్లో తాండూరు వెళ్ళాం. నవ్వేముందు వాడు ఏమన్నాడని దారిలో ఆమెను అడిగాను. ఆమె అప్పుడు అక్కడే ఉంది.

"గా మాట ఆయన్నే చూపియ్యుమను. నేను చెప్తె కత కడుతున్న అనుకుంటవ్."

చానల్ గది ఒక ఫోన్ల దుకాణం పైన ఉంది. మిగతా నటులు అప్పటికే వచ్చి మెట్ల మీద కూర్చుని ఉన్నారు. అతను నన్ను ఒక్కదాన్నే లోపలికి పిలిచాడు. కుర్చీ తుడిచి వేశాడు. మంచినీళ్ళు ఇచ్చాడు.

"అక్కా, గీ ముక్కకు వచ్చినదాంట్ల సగం నీకిస్త. ఇంట్లోళ్ళకు అభ్యంతరం లేదని ఒక్క మాట చెప్పు, ఫోన్ల రికార్డ్ చేసుకుంట. మెట్ల మీదోళ్ళు దీని గురించి అడుగుతున్నరు గదా, వాళ్ళకు నీ మాట చూపిస్త. వాళ్ళ ముచ్చట వేరే, నీది వేరే."

"నేను చెప్పకపోతే?"

"పరేషాన్ ఎందుకు, తీసేస్త. కంప్లైంట్ గిట్ల వస్తె నా చానల్‌కే దెబ్బ."

నాకు డబ్బు అక్కర్లేదు. ఆ ముక్క పోకూడదని మాత్రం ఉంది. ఒక్క మాట చెబితే అది ఉండిపోతుంది. ఆ మాటే చూపించి, ఇంటివాళ్ళకు లేని పేచీ మీకెందుకని అతను మెట్ల మీది వాళ్ళను ఇంటికి పంపిస్తాడు. ఈ రెండూ నాకు అర్థమయ్యాయి. ముందు అసలుది చూపించమన్నాను, కోయనిది, వయొలిన్ లేనిది.

అతను తటపటాయించాడు. అయినా పెట్టాడు.

మా తమ్ముడు పాడె మీద నుంచి లేచి కూర్చుంటాడు. ముక్కులో దూది తీసేస్తాడు. కెమెరా వెనక నుంచి ఇతని గొంతు, "ఇటు చూసి నవ్వు అన్నా."

"నవ్వుమంటె నవ్వస్తదా? ముంగట వీళ్ళందరి పైసల ముచ్చట తేల్చు. గప్పుడు నవ్వుత."

"చచ్చినోనివి, నీకెందుకే పైసలు?"

"చచ్చినోనికే ఖర్చెక్కువ వయ్యా."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వుతారు. అత్త వేషం ఆమె గొంతు అన్నిటి కన్నా గట్టిగా వినిపిస్తుంది. వాళ్ళను చూసి మా తమ్ముడికీ నవ్వు వస్తుంది. నేను రోజూ చూసిన నవ్వు అదే.

చానల్ అతను తెర వైపు చూడలేదు. "నేను నవ్వులాటకే అన్న అక్కా. గిట్లయితదని ఎవలికి ఎరుక" అన్నాడు. అతను అబద్ధం చెబుతున్నాడని నాకు అనిపించలేదు.

"పెడితే ఈ మాటలతో సహా పెట్టు. లేకపోతే తీసెయ్యి" అన్నాను.

"మాటలతోని పెడితె నా ఇజ్జత్ ఏముంటది?"

"అయితే తీసెయ్యి. నా మాట రికార్డ్ చేసుకోవద్దు. వాళ్ళను లోపలికి పిలువు, నేను వాళ్ళ పక్కనే కూర్చుంటాను."

అతను నా ముందే ఆ ముక్క తీసేశాడు. వాళ్ళను పిలిచాడు. చూపించడానికి ఇంటివాళ్ళ మాట చేతిలో లేదు కాబట్టి వాళ్ళతోనే మాట్లాడాల్సి వచ్చింది. మధ్యాహ్నం దాకా మాట్లాడుకున్నారు, అరుచుకున్నారు, మధ్యలో ఒకసారి టీ తాగారు. ఇక మీదట వచ్చే ముక్కల్లో ఎవరు కనబడితే వాళ్ళకు వాటా ఇస్తానన్నాడు. ఇప్పటిదాకా పెట్టినవాటికి ఇవ్వనన్నాడు. ఎంత అడిగినా దాని మీద కదల్లేదు. వాళ్ళలో ఇద్దరు ఒప్పుకోలేదు, మళ్ళీ షూటింగ్‌కు వెళ్ళలేదు. అత్త వేషం ఆమె వెళ్ళింది.

"ఇచ్చినకాడికి తీసుకుంట అక్కా. ఇయ్యకుంటె మల్ల బంద్ పెడుత" అంది రైల్లో.

నేను బయల్దేరేముందు చానల్ అతను ఆ కోయనిదాన్ని నా ఫోన్‌కు పంపాడు. నేను అడగలేదు. ఇప్పుడు టీ పొయ్యి మీద పెట్టి చూసేది దాన్నే. శబ్దం తీయను. అందరి నవ్వులూ తగ్గాక "అయింది అన్నా, లే" అని చానల్ అతని గొంతు వస్తుంది. మా తమ్ముడు లేవడు. కెమెరా ఆగేముందు అంటాడు.

"ఏడ అయింది? ముచ్చట తేలనే లేదు."