గడువు తెలిసిన మోటారు

వంటింట్లోంచి నిమ్మకాయ ఉడుకుతున్న వాసన వచ్చిందంటే మా కోడలు కరెంటు కెటిల్ కడుగుతోందని అర్థం. నీళ్లు పోసి, నాలుగు నిమ్మచెక్కలు వేసి, బుడబుడ మరిగించి వంపేస్తే అడుగున పట్టిన తెల్లటి గారంతా పెచ్చులు పెచ్చులుగా ఊడి సింకులో పడుతుంది. నేను కర్ర పొడుచుకుంటూ పోయి ఒక పెచ్చు తీసి వేళ్ల మధ్య నలుపుతాను. "ఎనభై దాటినాక కూడా మీకు ఈ సింకు దగ్గర ఏం పని అత్తయ్యా?" అని ఆ పిల్ల విసుక్కుంటుంది. విసుక్కోనీ. ఆ పెచ్చును చూస్తే నాకొక నల్ల మోటారు కనపడుతుందని, మా అమ్మ మొహం కనపడుతుందని దానికేం తెలుసు?

మాది ధర్మవరం. ఇంటి ముందు భాగమంతా పట్టుచీరల మగ్గాలు, వెనక రంగుల సాల. పచ్చి పట్టును సబ్బునీళ్లలో ఉడికించే రోజు లేచే వాసన, తడిసిన కట్టెల పొగ, మోచేతుల దాకా ఎరుపో పసుపో పులుముకున్న పనివాళ్లు, దండేల మీద ఆరేసిన పట్టు పోగుల కింద నుంచి తలలు వంచి పరుగెత్తుతూ మేము ఆడుకునే దాగుడుమూతలు, ఎవరి తలైనా పోగుకు తగిలితే వినపడే మా నాయన కేక, ఇదీ నా చిన్నతనం. పెరట్లో రెండు బావులుండేవి. ఒకటి తీపునీళ్ల బావి, ఒకటి ఉప్పునీళ్ల బావి. ఉప్పునీళ్లలో రంగు వేస్తే పట్టు గరుకు తేలుతుంది, రంగు మచ్చలు పడుతుంది. అందుకని తీపునీళ్లు పట్టుకూ, మేము తాగడానికీ తప్ప చుక్క కూడా వేరే పనికి ముట్టకూడదని నాయన ఆజ్ఞ. స్నానాలకూ, బట్టలకూ, అంట్లకూ ఉప్పునీళ్లే. ఆ నీళ్లు కాగీ కాగీ స్నానాలగదిలోని రాగి అండాకు లోపలంతా తెల్లగా గార కట్టేది. వారానికొకసారి ఆ అండాలోకి సగం ఒళ్లు దూర్చి కొబ్బరిచిప్పతో గార గీకడం నా పని. ఎట్లా గీకాలో అమ్మ నేర్పించింది. చలికాలంలో నా వేళ్లు పగిలి మంట పుట్టేవి. అచ్చనగండ్లు ఎగరేస్తే రాయి తగిలిన చోటల్లా చురుక్కుమనేది.

మా నాయన సంగతి చెప్పాలి. అనుమానాన్ని అన్నంలో కలుపుకొని తినే మనిషి. పాలు తెస్తే వేలు ముంచి గోడకు రాసి చూసేవాడు. సూరత్ నుంచి జరీ వస్తే ఒక పోగు కాల్చి, ఒక పోగు రాతి మీద గీసి, ఇంకొక పోగు పంటితో కొరికి చూసేవాడు. నేతగాళ్లకు పట్టు తూచి ఇచ్చేవాడు, చీర వచ్చినాక మళ్లీ తూచేవాడు. నెయ్యి కుండకు గుడ్డ కట్టి తనకు మాత్రమే తెలిసిన ముడి వేసేవాడు. ఆ ముడి విప్పి, నెయ్యి తీసుకొని, అచ్చం అట్లాగే మళ్లీ ముడి వేయడం మా అమ్మకు వచ్చునని ఆయనకు ఏనాడూ తెలియలేదు! ఈ వ్యాపారంలో అనుమానం లేకపోతే అడుక్కు తినాల్సిందేననేవాడు. వ్యాపారానికి అది అవసరమే కావచ్చు. ఆయన దాన్ని చెప్పులతో పాటు వాకిట్లో విడిచి రావడం నేర్చుకోలేదు, అదీ బాధ.

అట్లాంటి మనిషి ఒక ఉగాదికి మోటారు కొన్నాడు. పెద్ద యుద్ధం ఇంకా మొదలు కాని రోజులు. హిందూపురంలో బెల్లం మండీ నడిపే మా మామ, అంటే అమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు, బెంగళూరులో తనకు తెలిసిన మోటార్ల కొట్లో చూసిపెట్టాడు. నల్లటి బండి, అప్పటికే ఎవరో దొర వాడినది. నాయన దాని చుట్టూ తొమ్మిదిసార్లు తిరిగి, సీటు ఎత్తి చూసి, కింద పడుకొని చూసి, "గ్యారంటీ ఏమప్పా?" అన్నాడట. మామ ఆ కొట్టువాళ్లతో మాట్లాడి, ఏడాది లోపల ఇంజనుకు ఏమైనా సరే వాళ్లే బాగుచేసి ఇచ్చేటట్టు ముద్ర వేసిన కాగితం రాయించి ఇచ్చాడు. ఆ కాగితం మా ఇంట్లో అమ్మ నగల కంటే భద్రంగా ఉండేది, పట్టుచీరల పెట్టె అడుగున, కర్పూరం బిళ్లల మధ్య.

ఆ ఏడాది మేము అనుభవించిన వైభోగం! ఓళిగల గంప, అంటే బొబ్బట్ల గంప, ఒళ్లో పెట్టుకొని అమ్మ, కిటికీలోంచి తల బయటపెట్టి నేను, ముందు సీట్లో డ్రైవరు కాళ్లనూ చేతులనూ కన్నార్పకుండా చూస్తూ నాయన. ధర్మవరం నుంచి పెనుకొండ, పెనుకొండ నుంచి హిందూపురం, దారి పొడుగునా చింతచెట్లు, చెనిక్కాయ చేలు, బండిని చూసి బెదిరి పరుగెత్తే మేకలు. హిందూపురంలో మా అవ్వ చేసి పెట్టే రాగిసంగటి, ఊరిబిండి పచ్చడి. మామ నన్ను భుజానెత్తుకొని మండీ అంతా తిప్పి, కొత్త బెల్లం గోకి పెట్టేవాడు. మోటారు వచ్చినాక అమ్మ నెలకొకసారి పుట్టింటికి పోగలిగింది. అంతకుముందు ఏడాదికొకసారి కూడా కష్టమే.

డ్రైవరు నంజుండప్పది మడకశిర. సగం తెలుగు, సగం కన్నడం. వచ్చిన మొదటి వారమే నాయన దగ్గర చేతులు కట్టుకొని నిలబడ్డాడు.

"సామీ, బండికి ఆ తీపునీళ్లు పోద్దామా? ఈ ఉప్పునీళ్లు ఇంజనుకు ఆగవు."

"బండికేమన్నా నాలికుండాదా, తీపో ఉప్పో తెలిసేదానికి?" అన్నాడు నాయన. అతను పోయినాక అమ్మతో, "తీపునీళ్లు బయట అమ్ముకుంటే దుడ్లొస్తాయని చూస్తాండాడు, కనిపెట్టుకోనుండు" అన్నాడు. నంజుండప్ప మళ్లీ అడగలేదు. రోజూ పొద్దున ఉప్పునీళ్ల బావిలోంచే చేది పోసేవాడు. ఎండాకాలం వచ్చేసరికి బండి ఊరికే వేడెక్కి ఆవిరి చిమ్మేది, మళ్లీ రెండు బిందెలు పోసేవాడు.

మళ్లీ ఉగాది వచ్చింది. కాగితానికి గడువు తీరింది. తీరిన పన్నెండో రోజు మా ప్రయాణం. మామకు ఎన్నో ఏళ్లకు కొడుకు పుట్టాడు, ఆ పొద్దు పేరు పెడుతున్నారు. మేనత్త పిల్లవాణ్ని ఒళ్లో కూర్చోబెట్టుకొని చెవిలో పేరు చెప్పాలి. అమ్మ తప్ప ఇంకో మేనత్త లేదు. అమ్మ ఆ పేరు ఎవరికీ చెప్పకుండా మనసులో దాచుకుంది, మేమెంత బతిమాలినా చెప్పలేదు. పిల్లవాడికని మా మగ్గం మీద తనే దగ్గరుండి నేయించిన పసుపు పట్టుగుడ్డను మడత నలగకుండా రెండు చేతుల్లో పట్టుకొని కూర్చుంది.

పెనుకొండ దగ్గర, కొండ కనపడుతుండగా, ఇంజనులో టప్పుమని ఏదో పగిలిన చప్పుడు. తర్వాత బుస్సుమని పొగ. బండి ఆగిపోయింది. నంజుండప్ప మూత ఎత్తి, చేతికి గుడ్డ చుట్టుకొని ఏదేదో చూసి, తల అడ్డంగా ఊపాడు. నాయన అతని వైపు చూడలేదు. వేళ్ల మీద లెక్క పెట్టుకుంటూ రోడ్డు మధ్య నిలబడ్డాడు.

"నిన్నటికి పదకొండు దినాలు. ఈ పొద్దుకు పన్నెండు. ఏడాదంతా గుర్రం మాదిరి పరిగెత్తి, గడువు దాటినాక పన్నెండో దినానికి చచ్చిందంటే, గడువు తీరిందని దీనికెట్ల తెలిసె?"

అమ్మకు ఇంజను సంగతి పట్టలేదు. "హిందూపురం రైలు వచ్చే పొద్దయింది. స్టేషను ఈడనే గదా. పాపను తీసుకోని నేను రైల్లో పోతా. ముహూర్తానికి అందుకుంటా" అంది.

"యాడికీ పోబల్లేదు. నీ తమ్ముడు ఇప్పించిన బండే ఇది. కొట్టువాళ్లతో కూడబలుక్కోని ఈ పని చేసినాడు. బండి హిందూపురం చేరితే ఉన్న సామాన్లు గూడా మార్చేస్తారు."

రెండు ఎద్దులను మాట్లాడి, మోకులు కట్టి, మోటారును వెనక్కి ధర్మవరం లాగించాడు నాయన. మేము లోపల కూర్చొనే ఉన్నాం. ఎద్దుల మెడ గంటలు గల్లుగల్లుమంటుంటే, దూరంగా హిందూపురం రైలు కూత వేసుకుంటూ పోయింది. అమ్మ పట్టుగుడ్డను మొహానికి అడ్డం పెట్టుకొని ఏడ్చింది. నేను అమ్మ ఏడవడం చూడటం అదే మొదలు. ఓళిగలు ఎండకు పులిసిపోయాయి.

బెంగళూరుకు ఉత్తరం రాస్తే, గడువు దాటింది, మాకు సంబంధం లేదని జవాబు. నాయన ఆ జవాబును కూడా వెలుతురుకు పెట్టి చూశాడు, అది మామ చేతిరాతేమోనని. చివరికి అనంతపురం నుంచి ఒక ముసలి మేస్త్రీని పిలిపించాడు. అతను పెరట్లో ఇంజను విప్పుతుంటే నాయన పీట వేసుకొని ఎదురుగా కూర్చొని, ఊడదీసిన ఒక్కొక్క బోల్టుకూ ఒక్కొక్క చింతగింజ పక్కన పెట్టుకున్నాడు, తిరిగి బిగించేటప్పుడు తగ్గకూడదని. ఇంజను పైభాగం నిలువునా పగిలి ఉంది. మేస్త్రీ దాన్ని ఎత్తి సుత్తితో తట్టగానే నీళ్లు తిరిగే దారుల్లోంచి తెల్లటి పెచ్చులు బొలబొల రాలాయి.

"సున్నం!" అని నాయన లేచి నిలబడ్డాడు. "ఎవరో దీంట్లో సున్నం పోసినారు! నేను చెప్పలే?"

"సున్నం ఎవరూ పోయబల్లేదు సామీ, నీళ్లు గూడా..." అని మేస్త్రీ నోరు తెరిచాడో లేదో, "నీకెంత ఇచ్చినారప్పా హిందూపురమోళ్లు?" అన్నాడు నాయన. ముసలాయన ఆ మొహంలోకి ఒక్క నిమిషం చూసి, చేతులు తుడుచుకొని, పనిముట్లు సంచిలో వేసుకొని వెళ్లిపోయాడు. చింతగింజలు అట్లాగే ఉండిపోయాయి.

నేను కింద కూర్చొని ఒక పెచ్చు తీసుకొని వేళ్లతో నలిపాను. నాకు తెలియని వస్తువా అది? వారం వారం నా గోళ్లలో ఇరుక్కునేదే కదా!

"నాయనా, ఇది మన అండాలో గార మాదిరే ఉండాది" అన్నాను.

నాయన నా వైపు తిరిగాడు. ఆ చూపు నాకిప్పటికీ గుర్తే. "ఎవరు చెప్పమన్నారే నీకు? మీ అమ్మనా?"

అమ్మ వంటింటి గడపలో నిలబడి ఉంది. నేను అమ్మ వైపు చూశాను. అమ్మ నా వైపు కాదు, నా చేతిలోని పెచ్చు వైపు చూసింది. "నోరు మూసుకోని లోపలికి రా" అంది నాతో. నాకు భలే కోపం వచ్చింది. నిజం చెబితే తిట్టేది నాయనొక్కడే అనుకున్నాను, అమ్మ కూడానా?

నంజుండప్పను ఆ రోజే పంపించేశారు. పది రోజులకు మామ వచ్చాడు, పేరు పెట్టిన రోజు చేసిన తీపి మూట పట్టుకొని. ఎవరో పక్కింటామె పిల్లవాడి చెవిలో పేరు చెప్పిందట. నాయన ఆయన్ను అరుగు మీదే నిలబెట్టి, కర్పూరం వెలిగించి, "ఆర్పి ప్రమాణం చెయ్యి" అన్నాడు.

మామ కళ్లలో నీళ్లు తిరిగాయి. "చేస్తా బావా. చేస్తే నమ్ముతావా?"

"నమ్మేది నమ్మంది నా ఇష్టం."

మామ తీపి మూట అరుగు మీద పెట్టి, కర్పూరం దానంతటది ఆరిపోయేదాకా నిలబడి, స్టేషనుకు నడిచి పోయాడు. ఆ తర్వాత మా గడప తొక్కలేదు. అమ్మ మళ్లీ హిందూపురం వెళ్లింది అవ్వ పోయినప్పుడే, అదీ ఒక్క పూటకు. నా పెళ్లిలో నన్ను గంపలో కూర్చోబెట్టి పీటల మీదికి ఎత్తుకొచ్చింది సొంత మేనమామ కాదు, వరసకు మామ అయిన ఎవరో ఒకాయన. గంప ఎత్తుతుంటే ఆయన ఆయాసపడ్డాడు. నన్ను భుజానెత్తుకొని మండీ అంతా తిప్పిన మామ గుర్తొచ్చి నేను ఏడిస్తే, అత్తగారింటికి పోతున్నందుకు ఏడుస్తున్నాననుకున్నారు అందరూ.

మోటారు కొట్టంలోనే పడి ఉంది. యుద్ధం వచ్చి పెట్రోలు కరువైతే, ఎట్లాగూ తిరిగేది కాదులే అని నాయన సమాధానపడ్డాడు. ముందు సీటులో కోళ్లు పొదిగేవి. వెనక సీటులో కూర్చొని మేము హిందూపురం పోయే ఆట ఆడుకునేవాళ్లం, పెనుకొండ రాగానే ఎవరో ఒకరు టప్పుమని అరిచేవాళ్లు. అయితే ఆ ఎండాకాలంలో నాకు జరిగిన ఒక మంచి సంగతి మరిచిపోలేదు. మేస్త్రీ వచ్చిపోయిన వారంలోనే, నాయన పనివాళ్లను పిలిచి, "ఇంకమీద అండాలోకి తీపునీళ్లే పోయండి. పాపకు చేతులు పగులుతాండాయి" అన్నాడు. పట్టుకూ తాగడానికీ తప్ప చుక్క రాల్చని మనిషి! పాత గారంతా ఆ రోజే పనివాళ్ల చేత గీకించి దిబ్బలో పోయించాడు. నాకు ఆ చాకిరీ తప్పింది. మా నాయనకు నేనంటే ఎంత ప్రాణమో చూడండని వీధి వీధికీ చెప్పుకున్నాను. పెళ్లయి పోయినాక కూడా, ఆయన ఎవరినీ నమ్మడని ఎవరు ఎత్తిపొడిచినా, నా చేతుల కోసం ఆయన చేసిన పని చెప్పి నోరు మూయించేదాన్ని.

నాయన పోయిన చాలా ఏళ్లకు, అమ్మ ఆఖరి రోజుల్లో నా దగ్గరుండేది. ఒకరోజు తలకు నూనె అంటుతూ అడిగాను, "ఆ పొద్దు నేను గార అంటే నన్నెందుకు తిట్టినావమ్మా? నీకు తెలీదా?"

"అండా గీకేది నీకు నేర్పించిందే నేను గదే. పెచ్చు రాలంగానే తెలిసె."

"మరి ఏల చెప్పలే?"

"చెప్తే, తమ్ముని కోసం అబద్ధమాడతాండావంటాడు. అయినా, తెలియనోళ్లకు చెప్పొచ్చు గానీ, తెలిసినోళ్లకు ఏం చెప్పేది?"

నా చెయ్యి ఆగిపోయింది. "నాయనకు తెలుసా?"

"నువ్వు చెప్పిన నిమిషమే తెలిసె. లేకుంటే ఆ వారమే అండాలో తీపునీళ్లు ఏల పోయిస్తాడు? ఇంట్లో గార ఉంటేనే గదా ఎవరన్నా దాన్ని ఇంజనులోని గారతో సరిచూసేది?" అని, "నూనె అంటమ్మా, చెయ్యి ఆపినావేమి" అంది.

ఆమె మామ కొడుక్కు పెట్టాలనుకున్న పేరేమిటో ఆ పొద్దు కూడా అడిగాను. చెప్పలేదు. దాన్ని తనతోనే తీసుకుపోయింది.

ఇప్పుడు ఆ ఇల్లు లేదు. తీపునీళ్ల బావి పూడ్చి షెడ్డు వేశారు, ఉప్పునీళ్ల బావి ఎక్కడుండేదో చూపించగలవాళ్లు లేరు. రంగుల సాల లేదు, మోటారు ఏ పాత ఇనుముకు పోయిందో తెలియదు. హిందూపురంలో మామ మనవళ్లున్నారట, ఎదురుపడితే నేను గుర్తుపట్టలేను, వాళ్లు నన్ను గుర్తుపట్టలేరు. కోడలు కెటిల్ తళతళా కడిగి బోర్లిస్తుంది. నా వేళ్ల మధ్య పెచ్చు పొడి అయిపోతుంది. నెయ్యి ముడి నుంచి జరీ పోగు దాకా ప్రతిదాన్నీ అనుమానించిన మనిషి కూతుర్ని నేను, ఆయన మీద మాత్రం నాకు ఏనాడూ అనుమానం రాలేదు. అమ్మ ఆ ఒక్క మాటతో ఆ అనుమానాన్ని నాకిచ్చి పోయింది. చేతులు నలుపుకుంటూ సింకు దగ్గర నిలబడి, ఆ తీపునీళ్లు నా చేతుల కోసమా, గార దాచడానికా అని ప్రతిసారీ తేల్చుకోలేక చూస్తుంటాను. ఎందుకంటే, నా చేతులు పగిలేవి. అది మాత్రం నిజమే.