శెనక్కాయ అంచుకు బ్యాకప్

అంగట్లో పుట్టి పెరిగినవాళ్లకు ఒక అలవాటు వేలికొసల దాకా ఇంకిపోయి ఉంటుంది. కొత్త సరుకు వస్తే అడుగున పోయాలి, పాతది పైన పరచాలి. ముందు పాతది అమ్ముడుపోవాలి కదా. బెళుగుప్పలో మా నాయన అంగట్లో కందిపప్పు డబ్బా దగ్గర నాకు నేర్పిన మొదటి పాఠం ఇదే. ఆ పాఠమే నా శెనక్కాయ అంచును మింగేసింది.

ధర్మవరంలో మా ఆయనది పట్టుచీరల వ్యాపారం. ఆ చీరలకు కావలసిన అంచులూ కొంగులూ కంప్యూటర్లో గీసి, జకార్డు మగ్గాలకు పంపడం నా పని. అందరూ నెమళ్లు గీస్తారు, గోపురాలు గీస్తారు. శెనక్కాయ బస్తాల మధ్య పెరిగినదాన్ని కాబట్టి నేను శెనక్కాయ చెట్టు గీశాను. పైన ఆకులు, కింద వేళ్లకు గుత్తులుగా కాయలు, ఆ గుత్తులే అంచు పొడుగునా జరీలో సాగిపోతాయి. మా ఆయన మొదట నవ్వాడు. తరువాత నవ్వడం ఆపి, ఒక మగ్గం దీనికోసమే మాట్లాడి పెట్టాడు. అది నాకు పెద్ద బిరుదు ఇచ్చినట్టు.

సరిగ్గా అప్పుడే, రెండూ ఒకచోట ఉంటాయని పెన్‌డ్రైవులో ఉన్న పాత నకలు తెచ్చి కంప్యూటర్లో వేస్తుంటే, 'ఇదే పేరుతో ఇంకొకటి ఉంది, దాని మీద వేయమంటారా?' అని అడిగింది. పాతది పైన, కొత్తది కింద. నా వేలికి తెలిసిన ధర్మం అదే. వేయమన్నాను. డబ్బాలో అయితే అడుగున కొత్త పప్పు భద్రంగా ఉండేది. కంప్యూటర్లో అడుగు అనేదే లేదని ఆ రోజు తెలిసింది. గుత్తులన్నీ పోయి, మొదట్లో గీసిన బోడి చెట్టు మిగిలింది.

ఏడ్చి, మళ్లీ గీశాను. గీసినదాన్ని పూర్తి చేయడానికి మాత్రం చేయి రాలేదు. ఇంకో గీత గీస్తే ఏమవుతుందో, ఏది దేని మీద పడుతుందో అన్న భయం. మగ్గం మీద ఉన్న చీర కోతకు వస్తోంది.

"నేసేటాయన అడుగుతాండాడు. ఈ చీర దిగితానే నీ డిజైన్ ఇయ్యకపోతే ఇంకొకరిది ఎక్కిస్తాడంట" అన్నాడు మా ఆయన.

"ఇస్తా. ముందు రోజూ దానంతటదే నకలు తీసిపెట్టే సాఫ్ట్‌వేర్ ఒకటి చూసుకోనీ."

"చూడు. చీర కొనేదానికొచ్చిన పెండ్లివాళ్ల మాదిరి చూసుకుంటా కూర్చోవద్దు."

అదిగో, ఆ మాట అనకుండా ఉండాల్సింది. సరిగ్గా అట్లాగే కూర్చున్నాను. ఎంత సంబరపడ్డానో చెప్పలేను. బ్యాకప్ సాఫ్ట్‌వేర్లు ఇన్ని రకాలుంటాయని నాకు తెలియదు. పైగా ప్రతివాడూ నెల రోజులు ఉచితంగా వాడి చూడమంటాడు! మా అంగట్లో చిటికెడు బెల్లం రుచి చూపించడానికే నాయన ముఖం చిట్లించేవాడు. ఇక్కడ దిమ్మకు దిమ్మే నోట్లో పెడుతున్నారు. ఒకటి రంగురంగుల తెర చూపిస్తుంది, ఇంకొకటి అంతా ఇంటర్నెట్‌లో దాస్తానంటుంది, మరొకటి గంటగంటకూ నకలు తీస్తానంటుంది. కనబడినవన్నీ దించుకున్నాను. పొయ్యి మీద పాలు పొంగిపోయాయి. నేను లేవలేదు.

చివరికి రంగుల తెరది బాగా నచ్చింది. నచ్చినట్టు కనబడకూడదు కదా. వాళ్ల వెబ్‌సైట్‌లో మూలన మాట్లాడడానికి ఒక చిన్న కిటికీ ఉంది. దాంట్లోకి దూరి బేరం మొదలుపెట్టాను. పక్కవీధిలో ఇంతకన్నా తక్కువకు ఇస్తున్నారన్నాను. రెండు కంప్యూటర్లకు తీసుకుంటాను, చూసి చెప్పమన్నాను. ఊరందరికీ మీ పేరే చెబుతానన్నాను. ప్రతిసారీ ఎంతో వినయంగా 'మీ ప్రశ్న మాకు విలువైనది' అనే జవాబు వచ్చింది. ఎంత గట్టివాడురా వీడు, ముఖంలో రంగు మారనివ్వడం లేదే అని నాకు గౌరవం కూడా కలిగింది. వెనక నిలబడి చదువుతున్న మా ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు.

"ఏమే, అది మనిషి కాదే, మిషన్! ఇంతసేపూ మిషన్‌తో బేరమాడుతాండావు!"

సిగ్గేసింది. అయినా దెబ్బతిన్న బేరగాడికి ఆఖరి అస్త్రం ఒకటి ఉంటుంది. అంగడి మెట్లు దిగడం. కొనడానికి అన్నీ నింపి, డబ్బు కట్టే చోటిదాకా పోయి, కట్టకుండా మూసేశాను. మెట్లు దిగేటప్పుడు వెనక్కి తిరిగి చూడకూడదు. చూడలేదు. కంప్యూటరే ఆపేశాను.

మరుసటి రోజు ఈమెయిల్ వచ్చింది. 'మీరు ఏదో మరచిపోయినట్టున్నారు' అంటూ మొదలుపెట్టి, సగానికి సగం తగ్గించి ఇస్తామని! అంటే మిషన్ కూడా మెట్ల దాకా పరుగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకుని వెనక్కి పిలుస్తుందన్న మాట! నేను వేసిన కేకకు మా ఆయన పక్కగదిలోంచి సగం గీసిన గడ్డంతో వచ్చాడు. వెంటనే నాయనకు ఫోన్ చేశాను. ఈ గెలుపు అర్థమయ్యే మనిషి ఈ భూమ్మీద ఆయనొక్కడే.

నాయన అంతా విన్నాడు. మెచ్చుకున్నాడు కూడా. తరువాత అడిగాడు.

"సరేమ్మా, గొట్టం గుచ్చి చూసినావా?"

శెనక్కాయ బస్తా కొనేటప్పుడు ఆయన పైన కనబడే కాయలను చూడనే చూడడు. కొస వాడిగా ఉన్న ఇనుప గొట్టాన్ని బస్తా నడుముకు గుచ్చి, లోపలి కాయలు లాగి చూస్తాడు.

"సాఫ్ట్‌వేర్‌కు గొట్టం యాడ గుచ్చేది నాయనా?"

"నాకేం తెలుసు? వాడు దాచిపెడతానంటాండాడు కదా. దాచిపెట్టింది తిరిగి ఇయ్యమని అడిగి చూసినావా? తీసుకునేటప్పుడు అందరూ బాగానే తీసుకుంటారు తల్లీ."

అడగలేదు. ఇన్ని రకాల్లో ఒక్కదాన్నీ అడగలేదు. దాచడం ఎంత వేగంగా ఉంది, తెర ఎంత అందంగా ఉంది, ఎంత తగ్గిస్తాడు, ఇదే చూశాను. ఫోన్ పెట్టేసి డిజైన్ల నకలు ఒకటి వేరే ఫోల్డర్లో వేసి, దాన్ని రంగుల తెర సాఫ్ట్‌వేర్‌కు అప్పగించి, నా చేతులతో నేనే చెరిపేసి, ఇప్పుడు తిరిగి ఇయ్యప్పా అన్నాను.

ఇచ్చింది. చూస్తే ఒక్క పేరూ లేదు. అన్నీ ప్రశ్నార్థకాలే. నేను ఫైళ్లకు తెలుగులో పేర్లు పెట్టుకుంటాను. ఆ మహానుభావుడికి తెలుగు రాదు. రానిది రానట్టు ఊరుకోకుండా ఒక్కో అక్షరానికీ గుర్తుకూ ఒక్కో ప్రశ్నార్థకం పెట్టాడు. దాంతో 'శెనక్కాయ అంచు', 'పారిజాతం అంచు' రెండూ ఒకటే పొడవున్న ప్రశ్నార్థకాల వరుసలైపోయాయి. ఒకే పేరయ్యేసరికి ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి. తెరిచి చూస్తే పారిజాతం ఉంది. శెనక్కాయ లేదు. సగం ధరకు నేను గెలుచుకుంటున్నది నేను చేసిన తప్పునే, ఈసారి రోజూ దానంతటదే జరిగేట్టు!

భయమేసింది, నిజమే. కానీ అంతకు మించిన ఉత్సాహం పుట్టుకొచ్చింది. చేతికి గొట్టం దొరికింది కదా! ఇక వరుసబెట్టి అందరికీ గుచ్చాను. ఒకడు పేర్లు బాగానే ఇచ్చాడు గానీ, నెల దాటాక డబ్బు కట్టకపోతే మన సరుకు మనకే తెరవనివ్వడని చివర చిన్న అక్షరాల్లో ఉంది. గోదాము మనది, తాళం వాడిది. పో అన్నాను. ఇంటర్నెట్‌లో దాస్తానన్నవాడు తిరిగి ఇవ్వడం మొదలుపెట్టి, కరెంటు పోయి వచ్చేసరికి మళ్లీ మొదటికొచ్చాడు. మా ఊరి కరెంటుకు వాడు తట్టుకోడు. వాడినీ పంపేశాను.

మిగిలింది ఒకటి. బూడిదరంగు తెర, అలంకారం లేదు. 'శెనక్కాయ అంచు' అని నిండు తెలుగులో తిరిగి ఇచ్చింది. తీసేసి మళ్లీ అడిగాను, మళ్లీ ఇచ్చింది. మా ఆయన అంగట్లోని వేరే కంప్యూటర్లో అడిగాను, అక్కడా ఇచ్చింది. అన్నిటికన్నా ముఖ్యం, నిన్నటి అంచు, మొన్నటి అంచు దేనికదిగా విడివిడిగా పెట్టుకుంది. పాతది కొత్తదాని మీద పడదు. కొనబోతూ అలవాటు చొప్పున మెట్లు దిగాను. పిలుపు రాలేదు. మరునాడూ రాలేదు. నాలుగో రోజు నేనే మెట్లెక్కి అడిగిన ధర ఇచ్చాను.

"అడిగినంత ఇచ్చినావా? నువ్వా?" మా ఆయన వచ్చిన ప్రతి గిరాకీకీ ఈ వార్త చెప్పాడు.

ఆ వారమే నాయన చీరల అంగడికి వచ్చాడు. నేను అక్కడి కంప్యూటర్లో అంచుకు చివరి గీతలు దిద్దుతున్నాను. భయం పోయింది కాబట్టి చేయి ఎక్కడా ఆగడం లేదు, గుత్తుల మీద గుత్తులు వేస్తున్నాను. ఆయన కళ్లద్దాలు సర్దుకుని వంగి చూశాడు.

"ఇన్ని కాయలు యాడ కాసినాయమ్మా? మన సీమలో చెట్టుకు ఇన్ని కాస్తాంటే నేను అంగడి ఏల పెట్టుకుంటా?"

"చీరలోనన్నా కాయనీ నాయనా."

"చూసినోళ్లు నవ్వుతారు. కొన్ని పెరుకు."

పెరికాను. ఆయన చెప్పినచోటల్లా పెరికాను. నిజంగా మన చేలో చెట్టులాగే అయింది, వాన లేని ఏడు చెట్టు. ఆయన మళ్లీ వంగి చూశాడు.

"ముందుదే బాగుండెనేమోమ్మా. పోయినట్టేనా?"

బూడిదరంగు తెర తీసి, అంతకుముందు దాచిందాన్ని అడిగాను. గుత్తులన్నీ వేళ్లకు మళ్లీ వచ్చి వేలాడాయి.

"కాసినాయి! ఏమప్పా, చూస్తివా, మళ్లా కాసినాయి!" నాయన మా ఆయన భుజం మీద చరిచాడు. గల్లా దగ్గర నిలబడ్డ గిరాకీలు కూడా తిరిగి చూశారు. "ఇంగోసారి పెరుకు పాపా. మొత్తం పెరుకు, ఒక్కటి ఉండకూడదు. ఇప్పుడు కాయించు!"

ఎన్నిసార్లు పెరికామో, ఎన్నిసార్లు కాయించామో లెక్కలేదు. చివరికి మా ఆయనే మధ్యలో చేయి పెట్టి ఆపి, నిండుగా కాసినదాన్ని మగ్గానికి పంపించాడు.